గోదారి నీళ్లతో చైనా టీ కాచుకోవడం ఎలా

మా అమ్మాయి చైనాలో, హాంగ్‌జౌలో, ఎంబీబీఎస్ పూర్తి చేసుకుని వస్తూ ఒక రేకు డబ్బాలో పావుకిలో లోంగ్‌జింగ్ టీ ఆకు తెచ్చింది. బల్లపరుపుగా నొక్కిన సన్నటి పచ్చాకు. ముక్కు దగ్గర పెట్టుకుంటే వేయించిన శనగల వాసన. మర్నాడు పొద్దున్నే నేనే కాచాను. ఇంటి బోరు నీళ్లు బాగా తెర్లించి, చెంచాడు ఆకు వేసి మూత పెట్టాను. రెండు నిమిషాల తర్వాత మూత తీస్తే ముదురు గోధుమ రంగు. పైన సన్నటి తెట్టు. గ్లాసు కాస్త వంచితే ఆ తెట్టు పగిలి పెంకులు పెంకులుగా విడిపోయింది. అమ్మాయి ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టి, "నాన్నా, ఇవి ఏ నీళ్లు?" అంది.

ఆకు ఎంత వేశావనీ అడగలేదు, ఎంతసేపు ఉంచావనీ అడగలేదు. నీళ్ల గురించే అడిగింది. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా ముప్పై ఒక్క ఏళ్లు చేసినవాణ్ణి. మధ్య డెల్టా కాలువల మీద ఏ లాకు దగ్గర ఎన్ని అడుగుల నీరు నిలుస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. నీళ్ల లోతు కొలిచాను, వేగం కొలిచాను. రుచి ఎప్పుడూ చూడలేదు. ఆరేళ్లుగా ఆ పని మీదే ఉన్నాను. డెల్టాలో ఉండి పాలు లేని చైనా టీ కాచుకోవాలనుకునేవాళ్ల కోసం, చైనావాళ్లు చెప్పినదీ, మా ఇంట్లో పనికొచ్చినదీ రాస్తున్నాను.

చైనాలో టీ గురించి మొట్టమొదట పూర్తి పుస్తకం రాసినవాడు లూ యూ. టాంగ్ రాజుల కాలం వాడు, 733లో పుట్టి 804లో పోయాడు. అనాథ. ఒక బౌద్ధ మఠంలో పెరిగాడు. ఆయన నీళ్లకి వరస పెట్టాడు: కొండ నీళ్లు మేలు, ఏటి నీళ్లు మధ్యరకం, బావి నీళ్లు చివర. కొండ నీళ్లలో కూడా రాళ్ల మధ్య నెమ్మదిగా జారేవే తీసుకోమన్నాడు, ఉరికి దూకే నీళ్లు వద్దన్నాడు. ఏటి నీళ్లయితే మనుషులకి దూరంగా ఉన్నచోట ముంచుకోవాలి. బావి నీళ్లయితే ఎక్కువమంది తోడే బావి చూసుకోవాలి.

ఈ వరస చూస్తే డెల్టాలో ఉన్న మనకి మొదటి మెట్టు అసలు లేనే లేదు. ధవళేశ్వరం దిగాక కొండ ఎక్కడుంది? అయినా దిగులు పడక్కర్లేదు. లూ యూ తర్వాత 825 ప్రాంతంలో జాంగ్ యౌషిన్ అనే ఆయన నీళ్ల గురించే ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథం రాశాడు. టీ పండిన ఊళ్లోనే కాస్తే ఎప్పుడూ బాగానే ఉంటుంది, ఎందుకంటే ఆ నీరూ ఆ మన్నూ ఒకదానికొకటి కుదురుతాయి. ఆ ఊరు దాటితే నీళ్ల బలం సగానికి పడిపోతుంది. కానీ చక్కగా కాచడం, గిన్నెలు శుభ్రంగా ఉంచడం ఆ తక్కువని పూరిస్తాయి అన్నాడు. నేను చెప్పబోయేదంతా ఆ పోయిన సగాన్ని ఎలా రాబట్టుకోవాలనే.

ఆ తర్వాత చాలాకాలానికి, మింగ్ రాజుల కాలంలో, జాంగ్ దాఫూ అనే ఆయన ఇంకా లెక్కగా చెప్పాడు. ఎనిమిది పాళ్ల టీకి పది పాళ్ల నీళ్లు దొరికితే అది పది పాళ్ల టీ అవుతుంది. పది పాళ్ల టీని ఎనిమిది పాళ్ల నీళ్లలో వేస్తే ఎనిమిది పాళ్లే మిగులుతుంది. అందుకని ఖరీదైన ఆకు కొనేముందు నీళ్ల సంగతి చూసుకోండి.

ముందు మీ నీళ్లు ఏవో తెలుసుకోండి

మొదటి పరీక్ష మీ వంటింట్లోనే ఉంది. కందిపప్పు. ఆ రోజు టీ పాడైనప్పుడు మా ఆవిడ, "ఏవండీ, పప్పు ఉడకని నీళ్లండీ అవి, టీకి ఎలా పనికొస్తాయి?" అంది. నూటికి నూరు పాళ్లు నిజం. నీళ్లలో సున్నం పాలు ఎక్కువైతే పప్పు మెత్తబడదు, సబ్బు నురగ రాదు, నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. ఆ సున్నమే టీలోని వగరు పదార్థాలతో కలిసి పైన తెట్టు కడుతుంది. పచ్చాకు రంగు చచ్చిపోయి గోధుమ రంగుకి తిరగడానికీ ఇలాంటి నీళ్ల క్షారగుణమే కారణం.

రెండోది ఇనుము పరీక్ష. మామూలు టీ పొడితో పాలు లేకుండా చిక్కటి డికాషన్ దింపండి. గాజు గ్లాసు నిండా మీ నీళ్లు తీసుకుని అందులో రెండు చెంచాల డికాషన్ పోయండి. ఎర్రగా పలచగా కలిసిపోతే మంచిదే. నీలం కలిసిన నలుపు తిరిగితే, అంటే సిరాబుడ్డి కడిగిన నీళ్లలా అయితే, అందులో ఇనుము ఉంది. టీలోని వగరు, ఇనుము కలిస్తే వచ్చే రంగు అది. ఆ నీళ్లని టీ దగ్గరికి రానివ్వకండి.

మూడోది టీడీఎస్ మీటరు. పెన్నులా ఉంటుంది, కొన్ని వందల రూపాయలకి దొరుకుతుంది. నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో చూపిస్తుంది. తాగునీటికి మన ప్రమాణం, ఐఎస్ 10500, 500 లోపు ఉండాలంటుంది. వేరే దారి లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటుంది. అది ఒంటికి సంబంధించిన లెక్క. టీకి నా అనుభవంలో 50 నుంచి 150 మధ్య బాగుంటుంది. మా ఇంటి బోరు 1180 చూపించింది. వడపోసిన కాలువ నీళ్లు 190. వీధిలో కొనే ఆర్వో క్యాన్ నీళ్లు 38. వాన నీళ్లు 12.

ఈ కొలత పిచ్చి మనకి కొత్తగా వచ్చింది కాదు. చైనాని 18వ శతాబ్దంలో ఏలిన చియెన్‌లోంగ్ చక్రవర్తి వెండి కొలపాత్ర చేయించి, తను వెళ్లిన చోటల్లా అక్కడి ఊటనీళ్లు తూకం వేయించాడు. తేలిగ్గా తూగిన నీళ్లు మేలని ఆయన లెక్క. బీజింగ్ పక్కన యూచ్వాన్ ఊట అన్నిటికంటే తేలిక తేలింది. దానికి లోకంలో మొదటి ఊట అని పేరు పెట్టాడు. కరిగిన లవణాలు ఎక్కువుంటే నీళ్లు బరువు తూగుతాయి కాబట్టి ఆయన వెండి పాత్రా, నా చేతిలో పెన్నులాంటి మీటరూ చూసేది ఒకటే.

ఆర్వో నీళ్లతోనే కాచేస్తే సరిపోదా అంటారేమో. ఆరు నెలలు అదే చేశాను. తెట్టు పోయింది, రంగు వచ్చింది. కానీ నోట్లో పోసుకున్న టీ గొంతు దిగాక ఏమీ మిగల్లేదు. లవణాలు మరీ పోతే నీళ్లు బోసిపోతాయి. ఇప్పుడు మూడు గ్లాసుల ఆర్వో నీళ్లకి ఒక గ్లాసు వడపోసి కాచిన కాలువ నీళ్లు కలుపుతున్నాను. మీటరు 76 దగ్గర ఆగుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు మా ఇంట్లో టీ ఈ నీళ్లతోనే. మీ ఊరి లెక్క వేరుగా ఉంటుంది. కలిపి, రుచి చూసి, ఏ పాళ్లు కుదిరాయో రాసి పెట్టుకోండి. సముద్రం దగ్గరి ఊళ్లవాళ్లు బోరు నీళ్లు కలిపే ఆలోచనే పెట్టుకోవద్దు. ఉప్పు ఒక్క చుక్క చాలు, లోంగ్‌జింగ్ తీపి మాయమైపోతుంది.

నడిగోదారి నీళ్లు, చెలమ నీళ్లు

జాంగ్ యౌషిన్ గ్రంథంలోనే లూ యూ గురించి ఒక కథ ఉంది. యాంగ్జౌ దగ్గర లీ జీచింగ్ అనే పెద్ద అధికారి ఆయన్ని కలిసి, యాంగ్సీ నది మధ్యలో నాన్‌లింగ్ అనే చోటి నీళ్లు టీకి గొప్పవని విని, ఒక సిపాయిని పడవ మీద పంపించాడు. నీళ్లొచ్చాయి. లూ యూ గరిటెతో తీసి చూసి, ఇవి ఏటి నీళ్లే కానీ నాన్‌లింగ్ నీళ్లు కావు, ఒడ్డు నీళ్లు అన్నాడు. సిపాయి ఒప్పుకోలేదు. లూ యూ మాట్లాడకుండా ఆ నీళ్లు ఒక పళ్లెంలోకి ఒంపుతూ సగానికి వచ్చాక ఆగి, మళ్లీ గరిటెతో తీసి, ఇక్కడినుంచి అసలు నీళ్లు అన్నాడు. అప్పుడు సిపాయి నిజం చెప్పాడు. నడి ఏట్లో నింపుకుని వస్తుంటే ఒడ్డు దగ్గర పడవ ఊగి సగం ఒలికిపోయాయట, తక్కువ కనపడతాయని ఒడ్డు నీళ్లతో నింపేశాడట.

రెండు నీళ్లు ఒకే పాత్రలో పోస్తే అలా పైనా కిందా విడిగా ఉండవని నాకూ తెలుసు. కానీ నడి ఏటి నీళ్లకీ ఒడ్డు నీళ్లకీ తేడా ఉంటుందన్న మాట గోదారోళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. మా చిన్నప్పుడు రేవులో బట్టలుతికే చోట ఎవరూ బిందె ముంచేవారు కాదు. మొల లోతు దాకా దిగి, చేత్తో పై నీళ్లు పక్కకి తోసి అప్పుడు ముంచేవారు. పడవ మీద వెళ్లేవాళ్లుంటే బిందె ఇచ్చి నడిగోదారి నీళ్లు తెమ్మనేవారు.

అంతకంటే మంచివి చెలమ నీళ్లు. వేసవిలో పాయ సన్నబడి ఇసకతిన్నెలు తేలినప్పుడు, నీటి అంచుకి నాలుగు బారల దూరంలో మా అమ్మ మోచేతి లోతు గొయ్యి తీసేది. మొదట ఊరిన నీళ్లు బూడిద రంగులో ఉండేవి. కొబ్బరి చిప్పతో వాటిని తోడి అవతల పారబోసేది. మళ్లీ ఊరేవి, మళ్లీ పారబోసేది. మూడోసారి ఊరినప్పుడు గొయ్యి అడుగున ఇసక రేణువులు ఒక్కొక్కటీ విడివిడిగా కనపడేవి. అప్పుడు చిప్పని పక్కకి వంచి, అంచు ఒక్కటే మునిగేలా పట్టుకుని, నీళ్లు వాటంతటవే చిప్పలోకి జారేదాకా ఆగేది. చెయ్యి కదిలితే ఇసక లేస్తుంది. చిన్న బిందె నిండడానికి అరగంట పట్టేది.

లూ యూ పుస్తకంలో మాటలు అమ్మాయి నాకు చదివి చెబుతుంటే ఒకచోట ఆపి మళ్లీ చదవమన్నాను. కొండ లోయల్లో కదలకుండా నిలిచిపోయిన నీళ్లు తాగాల్సి వస్తే, ముందు గండి కొట్టి పాత నీళ్లు పోనివ్వండి, కొత్త ఊట సన్నగా వచ్చాక తోడుకోండి అని రాశాడాయన. పన్నెండు వందల ఏళ్ల కింద ఎక్కడో హూబే నుంచి వచ్చిన మనిషి చెప్పిందీ, అక్షరం ముక్క రాని మా అమ్మ చేసిందీ ఒకటే పని.

ఇప్పుడు ఏటికి ఎగువ ఊళ్లు పెరిగాయి, పొలాల మందులు దిగుతున్నాయి. చెలమ నీళ్లయినా నడిగోదారి నీళ్లయినా పచ్చివి తాగొద్దు. మురుగు కలిసే రేవుల దగ్గర అసలు తీసుకోవద్దు. మందులు మరిగితే పోవు, క్రిములే పోతాయి. అనుమానం ఉంటే ఆ నీళ్లు వదిలేయండి.

కుండలో ఒక రాత్రి

శ్రావణంలో ఎర్రనీరు దిగినప్పుడు గోదారి నీళ్లు ఇటిక పొడి కలిపినట్టు ఉంటాయి. ఆ రోజుల్లో మన పెద్దవాళ్లు చిల్లగింజ వాడేవారు. కొందరు ఇండుపగింజ అంటారు. పచారీ కొట్లో, ఆయుర్వేద మందుల కొట్లో అడిగితే ఇప్పటికీ దొరుకుతుంది. తడిపిన గింజని సానరాయి మీద కొద్దిగా అరగదీసి ఆ గంధాన్ని నీళ్లలో కలపండి, లేదంటే కుండ లోపలి గోడకి రుద్ది నీళ్లు పోయండి. తెల్లారేసరికి ఒండ్రు అంతా అడుగున పేరుకుంటుంది. పై నీళ్లు కదపకుండా ముంచుకుని, నాలుగు మడతల పంచె గుడ్డలో వడపోయండి. పటిక కూడా ఈ పనే చేస్తుంది కానీ ఒక పిసరు ఎక్కువైతే నీళ్లకి వగరు అంటుతుంది. టీలో అది ఇట్టే తెలిసిపోతుంది. నేను పటిక మానేశాను.

చైనావాళ్లు ఇదే పని వేరేగా చేశారు. మింగ్ కాలంలో వాన నీళ్లు జాడీల్లో పట్టి, పొయ్యి మధ్యలో కాలి ఎండిన మట్టిగడ్డని వేడివేడిగా ఉండగానే ఆ నీళ్లలో వేసేవారు. ఊట దగ్గరి గులకరాళ్లు తెచ్చి జాడీ అడుగున పరిచేవారు, నీళ్లు తేరుకుంటాయనీ రుచి నిలుస్తుందనీ. జాడీని నీడ ఉన్న పెరట్లో పెట్టి, మూతికి పలచటి గుడ్డ కట్టి, రాత్రి చుక్కల చలవా మంచూ తగలనివ్వమన్నారు. మన వసారాలో గుడ్డ కట్టిన మంచినీళ్ల కుండ గుర్తు రావడం లేదూ?

పంపు నీళ్లయితే ఈ ఒక్క రాత్రి ఇంకా అవసరం. క్లోరిన్ వాసన చాలావరకు పోతుంది. కొత్త కుండ వద్దు, మట్టివాసన టీలోకి దిగుతుంది. రెండు మూడు వారాలు తాగునీళ్లకి వాడిన కుండ తీసుకోండి. ఉల్లిపాయల బుట్ట, కిరసనాయిలు, ఎండుచేపల డబ్బా ఉన్న మూల పెట్టొద్దు.

వాన నీళ్లు పట్టాలనుకుంటే తొలకరి రెండు మూడు వానలు వదిలేయండి. అవి గాల్లో దుమ్ముని కడుగుతాయి. ముసురు పట్టాక, ఆరుబయట, కొబ్బరి మట్టల కింద కాకుండా, శుభ్రమైన గుడ్డ నాలుగు గుంజలకి కట్టి మధ్యలో చిన్న రాయి వేసి కింద స్టీలు బిందె పెట్టండి. ఇవి కూడా కాచే వాడాలి. ఒక్క వాన నీళ్లతోనే కాస్తే ఆర్వో నీళ్లలాగే బోసిగా ఉంటుంది కాబట్టి కాలువ నీళ్లు ఒక పాలు కలపండి. వేసవిలో కాలువలు కట్టేసి చెరువు నీళ్ల మీద ఊరంతా బతికే రోజుల్లో మాత్రం చెరువు నీళ్లు టీకి వద్దు, పాచివాసన పోదు. అప్పుడు ఆర్వో నీళ్లే, కుండలో నాలుగు గులకరాళ్లు వేసి.

రొయ్య కళ్లు, పీత కళ్లు, చేప కళ్లు

థర్మామీటర్లు లేని రోజుల్లో చైనావాళ్లు నీళ్ల వేడిని బుడగల్ని బట్టి చెప్పేవారు. ఆ పేర్లు కోనసీమలో పిల్లాడికి చెప్పినా అర్థమవుతాయి. గిన్నె అడుగున గసగసాలంత బుడగలు అంటుకుని కనపడితే రొయ్య కళ్లు. అవి కాస్త పెరిగి అడుగు వదిలి ఒకటీ అరా పైకి లేస్తుంటే పీత కళ్లు, ఇంచుమించు 80 డిగ్రీలు. ఇంకా పెద్దవై పైదాకా వచ్చి పగులుతుంటే చేప కళ్లు, 85కి అటూ ఇటూ. అంచుల వెంట ముత్యాల దండల్లా వరసగా లేస్తే 90 దాటింది. ఆ తర్వాత అలలు కొట్టినట్టు తెర్లుతాయి. లూ యూ ఈ చివరి దశ దాటిన నీళ్లు ముసలివైపోయాయి, తాగొద్దు అన్నాడు.

కళ్లతో పాటు చెవి కూడా పెట్టాలి. నీళ్లు వేడెక్కేటప్పుడు వచ్చే హోరుని చైనావాళ్లు పైన్ చెట్లలో గాలి అన్నారు. మనకి ఆ చెట్లు లేవు కానీ అంతర్వేది, ఓడలరేవు దగ్గర సరుగుడు తోపుల్లో నడిచినవాళ్లకి ఆ చప్పుడు తెలుసు. సన్నటి ఆకుల్లోంచి గాలి జారేటప్పుడు వచ్చే ఆ సన్న హోరు గిన్నెలోంచి వస్తుంది. అది గట్టిగా ఉన్నంతసేపూ నీళ్లు ఇంకా మరగలేదు. హోరు తగ్గి గలగల మొదలైతే మరిగాయి.

ఇక్కడ మన చోటికి సంబంధించిన సంగతి ఒకటి ఉంది. సముద్రమట్టం నుంచి పైకి పోయేకొద్దీ, దాదాపు ప్రతి మూడు వందల మీటర్లకీ నీళ్లు మరిగే వేడి ఒక డిగ్రీ తగ్గుతుంది. చైనాలోని యునాన్ కొండల మీద తెర్లే నీళ్లు 92, 93 దగ్గరే ఆగిపోయే ఊళ్లున్నాయి. మన డెల్టా సముద్రానికి ఆనుకుని ఉంది, ఇక్కడ తెర్లే నీళ్లంటే పూర్తి 100. ఆ నీళ్లు నేరుగా పచ్చాకు మీద పోస్తే ఆకు ఉడికిపోతుంది, చేదు దిగుతుంది.

ఆర్వో నీళ్లు, సీలు వేసిన బాటిల్ నీళ్లయితే చేప కళ్ల దగ్గరే పొయ్యి కట్టేయండి. ఏటి నీళ్లు, కాలువ నీళ్లు, వాన నీళ్లు కలిసినవైతే ఒక నిమిషం తెర్లనివ్వాల్సిందే. లూ యూ మాట కంటే కడుపు ముఖ్యం. ఆ తర్వాత ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి రెండుసార్లు తిరగబోయండి, మనం మామూలు టీ తిరగబోసినట్టే. ఒక్కోసారికి ఇంచుమించు ఏడెనిమిది డిగ్రీలు దిగుతుంది. ఒకసారి కాచిన నీళ్లు మళ్లీ మళ్లీ కాచొద్దు.

పోయడం తేలికే. పొడుగాటి గాజు గ్లాసు తీసుకుని వేడినీళ్లతో ఒకసారి తొలవండి. 150 మిల్లీలీటర్ల నీళ్లకి 3 గ్రాముల ఆకు. మా ఇంటి టీ చెంచాతో గోపురంగా రెండు చెంచాలు వస్తుంది, ఈ ఆకు తేలిక. ముందు ఆకు తడిసేంత నీళ్లే పోసి గ్లాసు గుండ్రంగా తిప్పండి. అర నిమిషంలో నొక్కుకుపోయిన ఆకు వదులై మొగ్గా చిన్నాకూ విడివిడిగా కనపడతాయి. మిగతా నీళ్లు గ్లాసు గోడ మీదుగా పోయండి. మూత వద్దు. రెండు నిమిషాలకి ఆకులు ఒకటొకటిగా నిలువుగా కిందికి దిగుతాయి. లేత బొండం నీళ్లకి చిటికెడు పసుపు తగిలినట్టుంటుంది రంగు. మూడో వంతు మిగిలాక మళ్లీ నీళ్లు పోయండి. మూడుసార్లు వస్తుంది, రెండోసారిది అన్నిటికంటే బాగుంటుంది. ఊలాంగ్ అనే ఇంకో రకం చైనా టీకి 95 పైన, పూ-అర్ అనే రకానికి తెర్లే నీళ్లే కావాలి.

అల్లం వేయొచ్చా అని అడుగుతారు. లూ యూ కాలంలో ఉల్లికాడలూ అల్లమూ కమలా తొక్కలూ వేసి ఉడికించేవారు. ఆయన దాన్ని కాలువలో పారబోసే నీళ్లతో పోల్చాడు. అయితే ఆయన కాచింది దంచిన టీ బిళ్లల పొడిని, అందులో కాస్త ఉప్పు ఆయనా వేశాడు. 1391లో మింగ్ చక్రవర్తి కప్పం కింద టీ బిళ్లలు తీసుకోవడం ఆపించాకే విడి ఆకుని నీళ్లలో నానబెట్టే పద్ధతి బాగా పాకింది. ఆకు ఒక్కటే మిగిలేసరికి నీళ్ల తప్పు దాచడానికి ఏమీ లేకుండా పోయింది.

మొక్క సంగతి

లోంగ్ అంటే డ్రాగన్, జింగ్ అంటే బావి. ఆ టీకి పేరు బావి నుంచి వచ్చింది. హాంగ్‌జౌలో లోంగ్‌జింగ్ ఆకుకి హూపావ్ ఊట నీళ్లే జోడీ అంటారు. జనం క్యాన్లు పట్టుకుని ఆ ఊట దగ్గరికి పొద్దున్నే వెళ్లడం మా అమ్మాయి చూసింది. ఆకు కోసే రోజులకీ వానే లెక్క. మన కార్తెల్లాగే వాళ్లకి ఏడాదికి 24 భాగాలున్నాయి. ఏప్రిల్ 5 ప్రాంతంలో వచ్చే చింగ్‌మింగ్‌కి ముందు కోసింది అన్నిటికంటే లేతది. ఏప్రిల్ 20 ప్రాంతంలో, అంటే మనకి అశ్విని కార్తె నడిచే రోజుల్లో, గూయూ వస్తుంది, ధాన్యపు వాన అని అర్థం. దానికి ముందు కోసిన ఆకుని వానకి ముందుది అంటారు.

ఇంతా విన్నాక ఒక మొక్క పెంచాలనిపించింది. నీలగిరి నుంచి తెలిసినవాళ్లు రెండు తెచ్చిచ్చారు. మొదటిది పెరట్లో ఒండ్రునేలలో నాటి బోరు నీళ్లు పోశాను. నెలలో ఆకు అంచులు మాడాయి, ఆకు నరాల మధ్య పసుపు తిరిగింది, వానలకి మొదట్లో నీళ్లు నిలిచి వేరు కుళ్లింది. టీ చెట్టుకి నీళ్లు దండిగా రావాలి, వచ్చినవి వచ్చినట్టే పోవాలి. అందుకే చైనాలో లోయలో వరి, వాలులో టీ. లూ యూ మన్నుకి కూడా వరస పెట్టాడు: చితికిన రాళ్ల నేల మేలు, గులక నేల మధ్యరకం, పసుపు మట్టి చివర.

రెండోదాన్ని తొట్టిలో పెట్టాను. మీరు పెట్టాలనుకుంటే ఇలా చేయండి. అడుగున బెజ్జాలున్న లోతైన తొట్టి తీసుకుని, ఇటికముక్కలు బెత్తెడు ఎత్తు పరవండి. ఎర్రమట్టి రెండు పాళ్లు, కుళ్లిన ఆకు ఎరువు ఒక పాలు, ఏటి ఇసక ఒక పాలు కలపండి. సున్నం, బూడిద, గవ్వల పొడి దగ్గరికి రానివ్వకండి. ఈ చెట్టుకి పుల్లటి నేల కావాలి, పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య. కొబ్బరి చెట్ల చిల్లుల నీడలో పెట్టండి. నీళ్లు వాననీళ్లో ఆర్వో నీళ్లో, పై మన్ను ఆరాకే. తొట్టి కింద పళ్లెం పెట్టొద్దు. మాది మోకాలెత్తు వచ్చింది.

టీ కాచాక మిగిలిన ఆకుని ఈ మొక్క మొదట్లోనే వేస్తున్నాను. కుప్పగా వేస్తే బూజు పడుతుంది, పలచగా చల్లి పైన చారెడు మన్ను కప్పండి.